దేవుడు మారనివాడైతే ఈ ఉపవాసాలు, కానుకలు ఎవరిని కదిలించడానికి?

ఎదురుచూపు
ఎవరైనా ఓపిగ్గా చెప్తారని అడుగుతున్నాను. మా అక్కకి కిడ్నీలు పాడయ్యాయి, డయాలిసిస్ నడుస్తోంది. మా ఇంట్లో అందరూ నమ్మే ఒక పెద్దాయన "దేవుడి చెయ్యి కదలాలంటే ముందు మీ చెయ్యి కదలాలి" అని మాతో పెద్ద కానుక ఇప్పించారు. తర్వాత ఉపవాసాలు పెట్టించారు. "స్వస్థత పొందాను" అని అక్క రోజూ గట్టిగా పలకాలన్నారు, పలికింది. ఆరోగ్యం ఎలా ఉందో అలాగే ఉంది. ఇప్పుడేమో మీ ఇంట్లో ఎవరికో అవిశ్వాసం ఉంది, అదే అడ్డుపడుతోంది అంటున్నారు. ఆ అవిశ్వాసం తనదేనేమో అని అమ్మ రాత్రుళ్లు నిద్రపోవడం లేదు.
ఆ పెద్దాయనే ఈమధ్య మలాకీ 3:6 మీద ప్రసంగం చేశారు. యెహోవా మార్పులేనివాడు అని. నాకు బుర్ర తిరిగిపోయింది. మారనివాడైతే ఇన్ని చేయించి ఎవరిని కదిలిద్దామని? కదిలేవాడైతే మారడని ఎందుకు చెప్పడం?

కృప_చాలు
మిగతా చర్చ తర్వాత. ముందు అమ్మగారి దగ్గర కూర్చుని యోహాను 9:3 చదవండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది అచ్చం మీ పెద్దాయన అడిగినదే, తప్పెవరిది అని. వాడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసు. పౌలు తన తోటి పనివాడు త్రోఫిమును రోగంతోనే మిలేతులో వదిలి వచ్చానని రాశాడు (2 తిమోతి 4:20). త్రోఫిము ఇంట్లో ఎవరికి విశ్వాసం తక్కువైందని పౌలు ఆరా తీయలేదు.
ఇంకో మాట. డయాలిసిస్ ఆపమని ఎవరు చెప్పినా వినకండి.

ఎదురుచూపు
ఆపలేదండీ. ఒకసారి ఆ మాట వచ్చింది, అక్కే ఒప్పుకోలేదు.

నిజం_కావాలి
నేను విశ్వాసిని కాను, ముందే చెప్తున్నా. కానీ మీ ప్రశ్న సరైనది. ఆయన మారకపోతే ప్రార్థనకి పని లేదు. ప్రార్థనకి ఆయన మారితే, ఎక్కువ అడిగినవాడికి ఎక్కువ, ఏడవడం చేతకానివాడికి తక్కువ దక్కినట్టు. ఈ రెండింటిలో ఏది మంచి దేవుడు?

యబ్బోకు_రేవు
కాస్త ఆగండి. అబద్ధ బోధకుల మీద కోపంతో ప్రార్థననే కొట్టేయకండి. యాకోబు రాత్రంతా దేవుడితో పెనుగులాడి "నీవు నన్ను ఆశీర్వదించితేనే గాని నిన్ను పోనియ్యను" అన్నాడు, ఆశీర్వాదం తీసుకునే వెళ్లాడు. నీనెవె పట్టణం ఉపవాసం ఉంది, శిక్ష ఆగింది. జబ్బుపడ్డ రాజు హిజ్కియా గోడవైపు తిరిగి ఏడ్చాడు, 15 ఏళ్ల ఆయుష్షు వచ్చింది. మా నాన్న తాగుడు మానేదాకా మా అమ్మ ఏళ్ల తరబడి మోకాళ్ల మీదే ఉంది. పట్టు పట్టడం బైబిల్లో ఉన్నదే. దాన్ని దేవుణ్ణి ఆడించడం అంటే నేను ఒప్పుకోను.

వాక్యధ్యాని
యబ్బోకు గారూ, మీ అమ్మగారి ప్రార్థన వేరు, ఎదురుచూపు గారింట్లో జరిగింది వేరు. ఆ తేడా చూపించే కథ సంఖ్యాకాండం 22 నుంచి 24 దాకా ఉంది.
మోయాబు రాజు బాలాకు ఇశ్రాయేలును శపించడానికి బిలాము అనే సోదెగాణ్ణి డబ్బిచ్చి పిలిపిస్తాడు. మొదటి చోట ఏడు బలిపీఠాలు, ఒక్కో పీఠం మీద ఒక కోడె, ఒక పొట్టేలు. బిలాము నోరు తెరిస్తే శాపం రాలేదు, దీవెన వచ్చింది. అప్పుడు బాలాకు ఏమన్నాడో చూడండి: ఇంకో చోటికి వెళ్దాం, అక్కణ్ణించి జనం మొత్తం కనపడరు, ఓ కొస మాత్రమే కనపడుతుంది, అక్కణ్ణించి శపించు. అంటే చోటు మారిస్తే, చూపు మారిస్తే, పీఠాలు కొత్తగా కడితే పైవాడి మనసు మారుతుందని లెక్క. పిస్గా కొన మీద మళ్లీ ఏడు. పెయోరు కొండ మీద మళ్లీ ఏడు. మొత్తం 21 పీఠాలు, 42 జంతువులు.
"దేవుడు అబద్ధమాడుటకు మానవుడు కాడు, పశ్చాత్తాపపడుటకు నరపుత్రుడు కాడు" అన్న మాట మనందరికీ కంఠతా వచ్చు. అది ఏ గుడిలోనో, ఏ పాఠంలోనో పుట్టలేదు. రెండోసారి పీఠాలు కట్టి "ఏమన్నాడు?" అని ఆత్రంగా అడుగుతున్న రాజు ముఖం మీద చెప్పిన జవాబు అది. మూడోసారికి బిలాము కూడా శకునాలు చూడటం మానేశాడు (24:1).
1 సమూయేలు 15:29 తీసుకోండి, అదీ ఇంతే. ఆజ్ఞ మీరి మంచి గొర్రెల్ని దాచుకున్న రాజు సౌలు, బలికోసమే తెచ్చామని సర్దిచెప్తాడు. ప్రవక్త సమూయేలు వెళ్లిపోతుంటే అంగీ చెంగు పట్టుకుని లాగుతాడు, అది చినుగుతుంది. దేవుడు మనసు మార్చుకోడన్న మాట అప్పుడే వస్తుంది.
ఈ మాట వినిపించే ఈ రెండు చోట్లా ఎవరో ఒకరు ఆయన్ని లొంగదీసుకోవాలని చూస్తూ ఉంటారు. అందుకే నాకది పొడి సిద్ధాంతంలా అనిపించదు. లంచం పట్టుకొచ్చినవాడి ముందు తలుపు మూయడం అది.

యోనా_పడవ
21 పీఠాలు! ఇన్నేళ్లుగా చదువుతున్నా ఎప్పుడూ కూడలేదు. బిలాము ఎక్కిన గాడిద మాట్లాడిన అధ్యాయం దగ్గరే ఆగిపోతాం అందరం. పాపం ఆ గాడిదకే ముందు అర్థమైంది.

ఎదురుచూపు
మా దగ్గర కానుక అడిగినప్పుడు చూపించిన వచనం మలాకీ 3:10. "నన్ను శోధించి చూడండి, ఆకాశపు వాకిళ్లు విప్పుతాను" అని దేవుడే అన్నాడు కదా అన్నారు. దానికేం చెప్పాలి? అది కూడా బైబిలే కదా.

లేవీ_మనవడు
3:6 చదివారు, 3:10 చదివారు. 3:5 చదివి వినిపించారా? కూలివాడికి కూలి ఎగ్గొట్టేవాళ్లు, విధవరాలిని, తండ్రిలేని పిల్లల్ని బాధపెట్టేవాళ్లు, పరదేశికి అన్యాయం చేసేవాళ్లు, వాళ్ల మీద నేనే సాక్షిగా వస్తాను అంటాడు అక్కడ. వెంటనే "నేను మార్పులేనివాడను".
3:10 అడిగేది దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు. అది వెళ్లేది గుడి పని చేసే లేవీయులకి. వాళ్లకి సొంత భూమి లేదు. ప్రతి మూడో ఏడు దాన్ని ఊళ్లోనే ఉంచి లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాళ్లు తిని తృప్తిపడాలి (ద్వితీయోపదేశకాండం 14:28, 29). ఆ దశమభాగం దాచే కొట్టు ఖాళీ అయితే కడుపు మాడేది వాళ్లకే. 3:10 ఆ భాగాన్ని ఎగ్గొట్టే దొంగతనం ఆపమని ఒక జాతి మొత్తానికి చెప్పిన మాట. జబ్బు మనిషి ఉన్న ఇంటి నుంచి డబ్బు లాగడానికి దాన్ని వాడటం అంటే 3:5లో ఎవరి పక్షాన దేవుడు నిలబడ్డాడో వాళ్లనే దోచుకోవడం. నాకు చాలా కోపంగా ఉంది.

రూతు_పొలం
అపొస్తలుల కార్యాలు 8 గుర్తొచ్చింది. సీమోను అనే గారడీవాడు పరిశుద్ధాత్మను ఇచ్చే అధికారం కొందామని అపొస్తలులకి డబ్బు చూపిస్తాడు. నీ వెండి నీతో కూడా నశించుగాక అంటాడు పేతురు. అక్కడ కొనబోయినవాడికే అంత మాట పడింది. అమ్మేవాడికి ఏమని ఉండేదో.

కృప_చాలు
19వ అధ్యాయం కూడా. స్కెవ కొడుకులు ఏడుగురు యేసు పేరుని మంత్రంలా వాడబోయి బట్టల్లేకుండా, గాయాలతో పారిపోయారు. పేరు సరిగ్గానే పలికారు.

శ్రావణమేఘం
నేను గీత చదివే మనిషిని, ఇక్కడ ఎప్పుడూ చదువుతుంటాను, రాయడం తక్కువ. ఈ బాధ మా వైపూ ఉంది కాబట్టి రాస్తున్నాను.
తొమ్మిదో అధ్యాయంలో 26వ శ్లోకం అందరికీ తెలుసు. ఆకో, పువ్వో, పండో, నీళ్లో భక్తితో ఇస్తే తీసుకుంటాను అని. మూడు శ్లోకాల తర్వాత 29లో "సమోఽహం సర్వభూతేషు" అంటాడు. అందరిపట్లా సముణ్ణి, నాకు ద్వేషించదగినవాడు లేడు, ప్రియుడూ లేడు. 26ని పట్టుకుని బేరం మొదలుపెట్టేవాళ్లు 29 దాకా రారు.
మరి ఒకడికి సుఖం, ఒకడికి దుఃఖం ఎందుకు, దేవుడు పక్షపాతా అని బ్రహ్మసూత్రాల్లోనే ప్రశ్న ఉంది (2.1.34). శంకరులు అక్కడ వానని చూపిస్తారు. వాన అన్ని చేలకీ ఒకటే, ఏ గింజలో ఏ శక్తి ఉందో ఆ మొలకే వస్తుంది. ఆ గింజ ఎవరి కర్మ వారిది. ఈ జవాబుతో మీరు ఏకీభవించకపోవచ్చు, జబ్బుపడ్డ మనిషికి అది ఓదార్పు అవుతుందని నేనూ అనను. కానీ వానకి లంచం ఇవ్వలేం అన్నది మాత్రం స్పష్టం.
హిరణ్యకశిపుడి కథ నాకు ఈ దృష్టితోనే నచ్చుతుంది. పగలు కాదు రాత్రి కాదు, మనిషి కాదు మృగం కాదు, లోపలా కాదు బయటా కాదు. తపస్సంతా ఒక ఒప్పందపత్రం రాయించుకోవడానికే చేశాడు. వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు తన మనసులో కోరికలే పుట్టకుండా చూడమన్నాడు.

యబ్బోకు_రేవు
శ్రావణమేఘం గారూ, కర్మ విషయంలో మన దారులు వేరు. వాన అందరికీ ఒకటే అయితే "నాన్నా" అని పిలవడం ఎందుకు అన్నది నా ప్రశ్న. నేను పిలిచేది నా పేరు ఎరిగినవాణ్ణి.

శ్రావణమేఘం
మంచి ప్రశ్న. మాలోనూ దీనిమీద శతాబ్దాలుగా వాదం ఉంది.

నిజం_కావాలి
గ్రీకు తత్వవేత్త ప్లేటో తన చివరి పెద్ద రచన ‘లాస్’ పదో భాగంలో మూడు తప్పుడు అభిప్రాయాలు చెప్తాడు. దేవుళ్లు లేరనడం. ఉన్నారు గానీ మనల్ని పట్టించుకోరనడం. పట్టించుకుంటారు గానీ బలులతో, ప్రార్థనలతో కొనేయవచ్చనడం. మూడింటిలోకీ ఘోరమైంది మూడోదే అంటాడు. అంటే మీ పెద్దాయనకన్నా నాలాంటి నాస్తికుడే నయం అని.
సరే, నా అసలు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. లంచం పనిచేయదు, ఒప్పుకున్నాం. మామూలు ప్రార్థన ఎలా పనిచేస్తుంది? వాక్యధ్యాని గారు బాలాకు గురించి చెప్పారు, హిజ్కియాని మాత్రం దాటేశారు.

వాక్యధ్యాని
దాటేయలేదండీ, పనిలో ఉన్నాను.
2 రాజులు 20. నువ్వు చస్తావు, బతకవు అన్నాడు ప్రవక్త యెషయా. హిజ్కియా ఏడ్చాడు. యెషయా ఇంకా నడిమి శాల దాటకముందే తిరిగి వెళ్లమని మాట వచ్చింది. హిజ్కియా ఏ కానుకా ఇవ్వలేదు, ఏ విధానమూ పాటించలేదు. అంత తొందరగా వచ్చిన జవాబు చూస్తే నాకు బలవంతంగా ఒప్పుకున్నవాడు కనిపించడు, ఎదురుచూస్తున్నవాడు కనిపిస్తాడు.
13వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ దీనికి ఇచ్చిన జవాబు కన్నా స్పష్టమైంది నేను చదవలేదు. దైవ సంకల్పాన్ని మార్చడానికి ప్రార్థించం, ప్రార్థన ద్వారానే జరగాలని ఆయన సంకల్పించిన వాటిని పొందడానికి ప్రార్థిస్తాం అంటాడు. ఫలితం ఎంత ఆయన ఏర్పాటో, దానికి దారిగా మన అడగడం కూడా అంతే ఏర్పాటు.
నిర్గమకాండం 32లో మోషే ప్రార్థన చూడండి. బంగారు దూడ చేశారు, దేవుడు ఉగ్రుడయ్యాడు. మోషే ఏమీ అర్పించడు. ప్రజలు మంచివాళ్లనీ అనడు. అబ్రాహాము, ఇస్సాకు, ఇశ్రాయేలులకు నువ్వు చేసిన ప్రమాణం జ్ఞాపకం చేసుకో అంటాడు (32:13). ఆయన మారనితనం మీదే కాలు పెట్టి నిలబడి అడుగుతాడు. మాట మార్చేవాడైతే ఆ ప్రార్థనకి పునాదే లేదు.

నిజం_కావాలి
అంటే నేను అడుగుతానని కూడా ముందే రాసి ఉందన్నమాట. అప్పుడు అది నా మాటా, ఆయన మాటా?

వాక్యధ్యాని
రెండూ అనే అంటాను. అది మీకు చాలదని తెలుసు. 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెను ప్రార్థన గురించి రాస్తూ ముందుగా ఈ ఆక్షేపణనే ఎత్తుకున్నాడు. దేవుడికి అంతా ముందే తెలిస్తే అడగడం దండగ కదా అని. మన స్వేచ్ఛతో మనం చేసే ఎంపికలు కూడా ఆ ముందుచూపులో ఉన్నాయన్నది ఆయన జవాబు.

లేవీ_మనవడు
ఇందులో వాక్యధ్యాని గారితో నేను పూర్తిగా లేను. క్లార్క్ పినాక్ లాంటి వేదాంతులు 1990లలో వేరే మాట అన్నారు. దేవుడి స్వభావం, ప్రేమ, నమ్మకత్వం మారవు, కానీ మనతో నడిచే నడకలో ఆయన నిజంగానే స్పందిస్తాడు, భవిష్యత్తు అంతా ముందే గీసి లేదు అని. నేను అంత దూరం వెళ్లను. కానీ 1 సమూయేలు 15లోనే 29వ వచనంలో పశ్చాత్తాపపడడు అని, 11లో, 35లో సౌలును రాజును చేసినందుకు పశ్చాత్తాపపడ్డాడు అని ఉంది. రాసినవాడు రెండూ ఒకే అధ్యాయంలో ఉంచాడు. ఒకదాన్ని మింగేసి రెండోదే నిజం అనడానికి నాకు ధైర్యం లేదు.

యోనా_పడవ
యోనా గురించి ఒక్కటి చెప్పి వెళ్తాను. అందరూ నీనెవె వల్ల దేవుడు మారాడు అంటారు. యోనాని అడగండి! 4:2లో, దేవుడు నీనెవెకి వెళ్లమంటే తను తర్షీషుకి ఎందుకు పారిపోయాడో చెప్తాడు. నువ్వు కటాక్షం, జాలి, బహు శాంతం గలవాడివని, కీడు చేయక మానేవాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అంటాడు. దేవుడు ఎప్పటిలాగే ప్రవర్తించాడన్నదే అతని ఫిర్యాదు. మారింది నీనెవె. యిర్మీయా 18:7, 8లో ఈ పద్ధతి నేరుగానే ఉంది. ఒక జనాన్ని నాశనం చేస్తానని నేను చెప్పాక ఆ జనం చెడుతనం మానితే నేనూ ఆ కీడు చేయను అని.

రూతు_పొలం
ఒక కేసు చెప్తాను. మా తమ్ముడు ఉద్యోగం వస్తే నీకోసం ఇది చేస్తాను అని మొక్కుకున్నాడు. వచ్చింది. అప్పట్నించి వాడికి దేవుడంటే అప్పులవాడు. మొక్కు తీర్చాక కూడా ఏదైనా చెడు జరిగితే "ఏం తక్కువ చేశాను" అంటాడు. అనుకున్నది దొరికినా బేరం మనిషిని వదలదు. "యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు కలవాడాయెనా?" అని సాతాను అడిగిన ప్రశ్న ఉంది చూడండి, ఆ పుస్తకం మొత్తం దాని మీదే నడుస్తుంది. వాడి వాదన ప్రకారం ప్రతి భక్తీ బేరమే. మనం బేరాన్నే భక్తి అని నేర్పిస్తే వాడి వాదన నెగ్గించినట్టే.

ఎదురుచూపు
అందరివీ రెండుసార్లు చదివాను. ఒకటి ఇంకా గుచ్చుతోంది. మారనివాడంటే చలనం లేనివాడా? అక్కని మిషన్ మీద చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది. ఆయనకి ఏమీ అవదా?

కృప_చాలు
చనిపోయిన లాజరును లేపబోతున్నానని యేసుకి తెలుసు. అయినా సమాధి దగ్గర ఏడ్చాడు.

లేవీ_మనవడు
హోషేయ 11:8, 9 చదవండి ఎదురుచూపు గారూ. ఎఫ్రాయిమూ (అంటే ఇశ్రాయేలు జనమే), నిన్ను ఎలా విడిచిపెట్టను, నా గుండె తల్లడిల్లుతోంది, జాలి పొంగుతోంది అంటాడు. ఆ వెంటనే నాశనం చేయను అని, దానికి కారణంగా "నేను దేవుణ్ణి, మనిషిని కాను" అంటాడు. మనిషైతే కోపం వస్తే ప్రేమ చచ్చిపోతుంది. ఆయన ప్రేమ అలా అటూ ఇటూ ఊగదు. మారడు అంటే ఆయనకి బాధ తెలియదని కాదు. బాధ పెట్టినా, బతిమాలకపోయినా, మీ అమ్మకి విశ్వాసం సన్నగిల్లినా మీ ఇంటి మీద ఆయన మనసు విరగదని.

వాక్యధ్యాని
ఇక్కడ లేవీ గారితో పూర్తిగా ఉన్నాను. దేవుని కుమారుడు మార్పు చెందేవాడు అనేవాళ్లని 325లో సంఘ పెద్దలు కూడిన నైసియా సభ ఖండించింది. ఆ కుమారుడే మనిషై బాధలు పడ్డాడు అని కూడా అదే సభ ఒప్పుకుంది. ఎలా కుదురుతుందో వివరించడానికి సంఘానికి ఇంకో వందేళ్లు పైనే పట్టింది. నేను ఒక్క పోస్టులో చెప్పలేను.

వేదిక_నిర్వాహకుడు
ఎవరో ఆ పెద్దాయన పేరు అడిగారు, ఆ పోస్టు తీసేశాను. పేర్లు వద్దు. చర్చ కొనసాగించండి.

ఎదురుచూపు
ఆయన ఇంకో ఉపవాస కూటం పెట్టాలంటున్నారు, దానికీ కానుక. వద్దని చెప్పబోతున్నాను. కానీ అమ్మ ఉపవాసం ఉంటానంటోంది, అదీ ఆపాలా?

కృప_చాలు
అమ్మగారి ఆరోగ్యం బాగుంటే ఆపకండి, ఆమెకి ఇష్టమైతే ఉండనివ్వండి. దానికీ స్వస్థతకీ లెక్క లేదని మాత్రం చెప్పండి. అక్క మాత్రం ఉండకూడదు, డాక్టర్ చెప్పిన ఆహారమే.

వాక్యధ్యాని
హిజ్కియా అధ్యాయంలో 7వ వచనం అమ్మగారికి చూపించండి. 15 ఏళ్లు ఇస్తానని దేవుడు మాట ఇచ్చేశాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు.

నిజం_కావాలి
కిడ్నీ మార్పిడికి పేరు నమోదు చేయించారా?

ఎదురుచూపు
చేయించాం. ఇంట్లోవాళ్లలో ఎవరిది సరిపోతుందో పరీక్షలు నడుస్తున్నాయి.

యబ్బోకు_రేవు
ఆ కూటానికి వద్దనడం సరైనదే. కానీ అడగడం మానకండి తల్లీ. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఒకే మాట మూడుసార్లు అడిగాడు. పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధ తీసేయమని మూడుసార్లు అడిగాడు. ఇద్దరికీ అడిగింది దొరకలేదు, ఇద్దరూ అడిగారు. లూకా 18లో విధవరాలు న్యాయాధిపతిని విసిగించి సాధించింది కూడా మర్చిపోకండి.

రూతు_పొలం
కానీ ఆ న్యాయాధిపతి అన్యాయస్థుడు అన్నా. దేవుడు అతనిలాంటివాడు కాదనే యేసు ఆ కథ చెప్పింది. విసిగిస్తే గానీ కదలనివాడే చివరికి న్యాయం చేస్తే, తన వాళ్లకి దేవుడు చేయడా అని.

యబ్బోకు_రేవు
ఒప్పుకుంటాను చెల్లీ. అయినా "విసుకక నిత్యము ప్రార్థన చేయుచుండవలెను" అన్నది మొదటి వచనంలోనే ఉంది. అతనిలాంటివాడు కాకపోయినా మనల్ని ఎందుకు అన్నిసార్లు అడగమన్నాడు? దీనికి ఎవరైనా చెప్పండి.

వాక్యధ్యాని
దానికి బిషప్ అగస్టీను ప్రోబా అనే ఆవిడకి రాసిన ఉత్తరంలో ఒక జవాబు ఉంది. మన కోరిక ఆయనకి తెలియజేయాలని కాదు, ఆయన ఇవ్వబోయేది పెద్దది, పట్టుకోవడానికి మన లోపల చోటు చిన్నది, అడిగేకొద్దీ ఆ కోరిక పెరిగి చోటు వెడల్పవుతుంది అంటాడు. దీని మీద రేపు వేరే పోస్టు పెడతాను. 1 సమూయేలు 15 మీద లేవీ గారికి ఇవ్వాల్సిన జవాబు కూడా బాకీ ఉంది.